యోగక్షేమం: ఒక మాటా, రెండు మాటలా?

ప్రశ్న

ఐరోపా సమాఖ్యలో సరిహద్దులు తెరుచుకున్నాక ఆయా దేశాల సంక్షేమ విధానాలు ఎలా మారాయన్న దానిపై వ్యాసం రాస్తున్నాను. ‘పౌరుల యోగక్షేమాలు చూసే బాధ్యత ఎవరిది?’ అని ఒక వాక్యం రాశాను. సంపాదకులు ‘యోగ’ కొట్టేసి ‘క్షేమం’ ఒక్కటే ఉంచారు. రెండింటికీ అర్థం ఒకటేనట. పెద్దలు చెప్పగలరు.

జవాబు

ఒకటి కాదండీ. ‘మీ యోగక్షేమాలు తెలియజేయగలరు’ అని ఉత్తరాల్లో రాసి రాసి రెండూ మన నోట్లో కలిసిపోయాయి గానీ, ఇది ద్వంద్వ సమాసం. గీత తొమ్మిదో అధ్యాయం 22వ శ్లోకంలో ‘యోగక్షేమం వహామ్యహమ్’ ఉంది కదా, అక్కడ శంకర భాష్యం రెండింటినీ విడదీసి చెప్పింది. లేనిదాన్ని పొందడం యోగం, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ‘యోగక్షేమసాధనో దండః’ అన్నాడు. రెండింటినీ సాధించిపెట్టే పని రాజదండానిదే అని ఆయన మాట.

మీ వ్యాసానికి ఈ తేడాయే ఆయువుపట్టు. 1957 నాటి రోమ్ ఒప్పందంతో మొదలుపెట్టి ఐరోపా దేశాలు యోగాన్ని ఉమ్మడి చేసుకుంటూ వచ్చాయి. సరుకు, పెట్టుబడి, సేవలు, పనివాళ్లు ఎల్లలు దాటి తిరగవచ్చు. క్షేమం మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లదే. పింఛను వయసు ఎంత, నిరుద్యోగ భృతి ఎన్నాళ్లు, పిల్లల భత్యం ఎంత అన్నవి ఇప్పటికీ ప్రతి దేశం తన చట్టసభలోనే తేల్చుకుంటుంది. కౌటిల్యుడు ఒక్క చేతికి అప్పగించిన రెండు పనులు ఇక్కడ రెండు చేతుల్లో పడ్డాయి. చిక్కంతా అక్కడే పుట్టింది. అందుకే ‘యోగ’ కొట్టేస్తే మీ వాక్యంలో ప్రాణం పోతుంది.

మరో సభ్యుని అభ్యంతరం

ఇంత వివరణ అవసరమా? పత్రికలన్నీ ‘ఐరోపా ఏకీకరణ’ అని రాస్తున్నాయి. అన్నీ ఏకమైనప్పుడు పింఛను కూడా ఏకమైనట్టే కదా?

జవాబు

కాలేదండీ. ‘ఏకీకరణ’ అన్న మాట ఒక్కటే వాడితే చదివేవారికి సరిగ్గా ఈ పొరపాటు అభిప్రాయమే కలుగుతుంది. సామాజిక భద్రత విషయంలో అక్కడ జరిగింది సమన్వయం. దేశాల పద్ధతులు దేన్నదానిగా ఉంచి, ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లిన మనిషి నష్టపోకుండా వాటి మధ్య లంకె వేశారు. ఉమ్మడి విపణి పుట్టిన తొలి ఏడాది, 1958లోనే, వలస కార్మికుల సామాజిక భద్రత మీద నిబంధన తెచ్చారు. దాని వరుస సంఖ్య 3. అంటే ఎంత ముందుచూపుతో తలపెట్టారో చూడండి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2004లో చేసిన 883వ నిబంధన. అది 2010 మే 1 నుంచి నడుస్తోంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. స్పెయిన్‌లో చందా ఆధారిత పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్లు చందా కట్టాలి. ఒక తాపీ మేస్త్రీ అక్కడ 12 ఏళ్లు, జర్మనీలో 25 ఏళ్లు పనిచేశాడనుకోండి. స్పెయిన్ చట్టాన్ని ఒంటరిగా చదివితే ఆ 12 ఏళ్ల చందా గంగలో కలిసినట్టే. నిబంధన ప్రకారం స్పెయిన్ రెండు చోట్ల కాలాన్నీ కలిపి 37 ఏళ్లుగా లెక్కించి అర్హత ఇవ్వాలి. తర్వాత తన వాటాగా 37లో 12 వంతులు చెల్లించాలి. జర్మనీ తన వాటా తాను ఇస్తుంది. ఒక్క పింఛను రెండు ఖజానాల నుంచి వస్తుంది, అతను ముసలితనంలో సొంత ఊరికి వెళ్లిపోయినా వస్తుంది. నాకు ఐరోపా చేసిన పనులన్నిటిలోకీ ఇది మనసుకు హత్తుకున్నది. దీని గురించి మన పత్రికల్లో చాలా తక్కువ చదువుతాం.

అలాగని అంతా సాఫీగా లేదు. ఆస్ట్రియా 2019 జనవరి నుంచి కుటుంబ భత్యాన్ని పిల్లలు నివసించే దేశంలోని జీవన వ్యయానికి ముడిపెట్టింది. వియన్నాలో వృద్ధుల ఇంట ఉండి సేవ చేసే స్లొవేకియా, రుమేనియా స్త్రీలు పొరుగున ఉన్న ఆస్ట్రియన్ తల్లితో సమానంగా పన్ను, చందా కట్టారు, భత్యం మాత్రం తక్కువ తీసుకున్నారు. 2022 జూన్ 16న ఐరోపా న్యాయస్థానం ఇది చెల్లదని తీర్పిచ్చింది. చందాలో సమానమైతే రాబడిలోనూ సమానమే కావాలి. ఈ తీర్పును నేను నిండు మనసుతో సమర్థిస్తాను. అదే న్యాయస్థానం 2014 నవంబరులో, పని వెతుక్కోకుండా లైప్‌జిగ్‌లో ఉంటున్న ఒక రుమేనియా మహిళకు జర్మనీ జీవనభృతి నిరాకరించవచ్చని కూడా చెప్పింది. యోగం వెంట నడిచే క్షేమం వరకే రక్షణ అని హద్దు గీసినట్టయింది.

యోగం క్షేమాన్ని నొక్కిన సందర్భమూ ఉంది. స్వీడన్‌లో కనీస వేతన చట్టం లేదు, కార్మిక సంఘాల ఒప్పందాలే వేతనాన్ని నిలబెడతాయి. వాక్స్‌హోమ్‌లో బడి కడుతున్న లాట్వియా సంస్థ ఆ ఒప్పందానికి రాకపోతే సంఘాలు పని అడ్డుకున్నాయి. 2007 డిసెంబరు 18 నాటి ఐరోపా న్యాయస్థానం తీర్పు ఆ అడ్డగింత సేవల స్వేచ్ఛకు విరుద్ధమంది. తక్కువ కూలికి మనుషుల్ని తెచ్చే గుత్తేదారుకు అది బలమిచ్చింది, కూలివాడికి కాదు. 2018లో, వేరే దేశానికి పనికి పంపిన కార్మికుల మీది ఐరోపా ఆదేశాన్ని సవరించి, ఒకే చోట ఒకే పనికి సమాన వేతనమన్న సూత్రాన్ని ముందుకు తెచ్చేసరికి పదేళ్లు గడిచాయి.

మూడో సభ్యుని ప్రశ్న

మనవాళ్లకు ఇలాంటి లంకె ఏదైనా ఉందా? మా అమ్మాయి మ్యూనిక్‌లో, అల్లుడి తమ్ముడు డాలస్‌లో ఉన్నారు.

జవాబు

మ్యూనిక్‌కు ఉందండీ. భారత్, జర్మనీల సామాజిక భద్రత ఒప్పందం 2017 మే నుంచి అమల్లో ఉంది, రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కించే వీలు అందులో ఉంది. అమెరికాతో అలాంటి ఒప్పందం మనకు లేదు. అక్కడ జీతంలోంచి 6.2 శాతం సామాజిక భద్రతకు పోతుంది, యజమాని మరో 6.2 శాతం కడతారు. సాధారణంగా పదేళ్లు నిండితేనే పింఛను. ఎనిమిదేళ్లకే హైదరాబాదుకో విజయవాడకో తిరిగొస్తే ఆ సొమ్ము అక్కడే ఉండిపోతుంది, ఇక్కడి కాలం కలిపి చూపే దారి లేదు. ఈ ఒప్పందం కోసం మన ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉంది.