సిరియా చేతిలో 0-3... గచ్చిబౌలి మ్యాచ్ చూసిన వాళ్ళు ఒక మాట చెప్పండి

గ్యాలరీ_గోపి

నిన్న రాత్రి (2024 సెప్టెంబర్ 9) ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో ఇండియా-సిరియా ఫుట్‌బాల్ మ్యాచ్ స్టేడియంలో చూసినా టీవీలో చూసినా పర్లేదు, ఒకటి చెప్పండి. మనం నిజంగా 0-3 అంత చెత్తగా ఆడామా? ఇక్కడ కొంతమంది మూడోది ఇంజురీ టైమ్‌లో పడింది కాబట్టి లెక్కలోకి రాదంటున్నారు, ఇంకొంతమంది కోచ్ మనోలోని పంపేయమంటున్నారు, వచ్చి రెండు నెలలు కూడా కాలేదు పాపం.

7వ నిమిషంలోనే మహమూద్ అల్ అస్వద్ కొట్టేశాడు, మా స్టాండ్‌లో జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు. సరే ఇంకా బోలెడంత టైముంది కదా అనుకున్నా. కానీ ఫస్టాఫ్ మొత్తం ఏంటంటే సెంటర్ బ్యాక్ నుంచి ఫుల్ బ్యాక్‌కి, ఫుల్ బ్యాక్ నుంచి మళ్ళీ సెంటర్ బ్యాక్‌కి, ఎవడన్నా మీదికొస్తే గోలీ గుర్‌ప్రీత్‌కి, ఆయన లాంగ్ బాల్ కొడతాడు, అక్కడ అందుకునేవాడు లేడు, బాల్ మళ్ళీ సిరియాదే. సెకండాఫ్‌లో కాస్త ఊపొచ్చింది, ఒప్పుకుంటా, వింగ్ మీద పరిగెత్తారు, కానీ బాల్ లోపలికి వచ్చేసరికి బాక్స్‌లో మనవాళ్ళు ఉండరు. 76లో ఇరాందుస్త్ రెండోది కొట్టగానే నా పక్క వరుస లేచెళ్ళిపోయింది. సబ్బాగ్ కొట్టిన మూడోది చాలామంది చూసుండరు.

కప్పు మనదే అవ్వాలంటే గెలవాల్సిందే, వాళ్ళకి డ్రా చాలు. ఆ స్థితి ఎలా వచ్చింది? 3వ తారీఖున ర్యాంకింగ్‌లో 179లో ఉన్న మారిషస్‌తో ఇదే గ్రౌండ్‌లో 0-0 ఆడాం కాబట్టి. నాకు నిన్నటికంటే ఆ మ్యాచే ఎక్కువ మండింది.

ఈ ఏడాది మొత్తం చూడండి. ఆసియా కప్‌లో మూడు, అఫ్గానిస్తాన్‌తో రెండు, కువైట్, ఖతార్, ఇప్పుడు ఈ రెండు. 9 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు లేదు, కొట్టిన గోల్స్ 2. గౌహతిలో ఛెత్రి పెనాల్టీ ఒకటి, దోహాలో ఖతార్ మీద ఛాంగ్టే కొట్టింది ఒకటి. ఛెత్రి జూన్‌లో రిటైరయ్యాడు. మరి ఇక గోల్ ఎవరు కొట్టాలి? తప్పు మనోలోదా, ప్లేయర్లదా, ఇంకేదన్నానా?

లెఫ్ట్‌బ్యాక్_సికింద్రాబాద్

అన్నా మనోలోని ఏమనకు. గాయన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22ల కప్పు తెచ్చిండు, గప్పుడు ముంగట ఓగ్బెచే ఉండె, ఒక్కడే 18 గోల్స్ కొట్టిండు. ఇప్పుడు ఇండియాకి ఓగ్బెచే యాడికెల్లి తెస్తడు?

అసలు లొల్లి గీడ ఉంది. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలై పది సీజన్లు అయినయ్, అందరికంటె ఎక్కువ గోల్స్ కొట్టినోడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్క ఇండియనోడికి కూడ రాలె. ఎలానో, కోరో, ఓగ్బెచే, మొన్న దియమంతకోస్, అందరూ బయటోళ్ళే. క్లబ్బులకి గోల్స్ గావాలె, ఫారినర్‌ని నైన్‌ల, అంటే నడిమిట్ల స్ట్రైకర్ జాగల ఆడిస్తయ్, గది వాళ్ళ తప్పు కూడ కాదు. ఇండియాకి ముంగట ఆడే మన్వీర్‌నే చూడు. మోహన్ బగాన్‌ల పెట్రాటోస్, కమింగ్స్, ఇప్పుడు మెక్‌లారెన్ గూడ వచ్చిండు, గా ముగ్గురు ఉండంగ మన్వీర్‌కి నడిమిట్ల జాగ యాడుంటది, వింగ్ మీద ఉరుకుతడు. ఏడాదంత వింగ్ మీద ఆడినోడు నీలం జెర్సీ వేస్కోంగనే స్ట్రైకర్ అయిపోవాల్నంటే ఎట్లయితది? సెంటర్ బ్యాక్ భుజం మీద ఎప్పుడు ఉండాలె, ఎప్పుడు ఫస్ట్ పోస్ట్‌కి ఉరకాలె, ఇవి వారం వారం ఆడితేనే వస్తయ్.

క్యాంప్ ఆగస్టు ఆఖర్ల పెట్టిండ్రు, మూడో తారీఖు మ్యాచ్. ఏం నేర్పిస్తడు చెప్పు.

బెజవాడ_బెంచ్

స్ట్రైకర్ లేడు, ఒప్పుకున్నానండీ. కానీ మూడు గోల్స్ తిన్నది స్ట్రైకరా?

జనవరిలో ఆసియా కప్‌లో ఖతార్‌లోని అల్ ఖోర్‌లో ఇదే సిరియాతో ఆడాం, 0-1, అది కూడా 76లో ఖ్రిబిన్ కొట్టాడు, అప్పటిదాకా గట్టిగా నిలబడ్డాం. అప్పుడూ మనకి గోల్ రాలేదు, నిన్నా రాలేదు. గోల్ కొట్టే విషయంలో ఏం మారలేదు, గోల్ ఆపే విషయంలో దిగజారాం. ఇది స్ట్రైకర్ సమస్య అని సరిపెట్టుకుంటే మిడ్‌ఫీల్డ్‌ని ఎవరూ అడగరు. నిన్న మన సెంటర్ బ్యాక్‌ల ముందు ఖాళీ చూశారా, వాళ్ళ టెన్, అంటే స్ట్రైకర్ వెనక ఆడేవాడు, అక్కడ నిలబడి తిరిగి చూసుకుని తీరిగ్గా పాస్ ఇస్తున్నాడు, ఒక్కడూ దగ్గరికి పోడు. ఒక గోల్ వెనకబడ్డాక ఫుల్ బ్యాక్‌లని ఇద్దర్నీ ఒకేసారి పైకి పంపారు, కింద ఇద్దరే మిగిలారు, బాల్ పోతే ఇంకేముంది. ఇది కోచ్ చెప్పకుండా జరుగుతుందా?

ఇంకోటి, మనోలో గారి మీద నాకూ గౌరవం ఉంది కానీ ఒకే మనిషి ఎఫ్‌సీ గోవా క్లబ్‌కీ ఇండియాకీ కోచ్ ఏంటండీ. 13న ఐఎస్ఎల్ మొదలు. ఆయన రేపట్నుంచి ఆలోచించేది ఎవరి గురించి?

పులిహోర_ప్రెస్

మా మండపంలో ప్రసాదం పంచినట్టు పంచారు నిన్న బాల్, ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకి 😭

ఫ్రిస్కో_ఫుట్‌బాల్

ఇక్కడ పొద్దున్నే ఆఫీసులో దొంగతనంగా చూశా. ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నా, రెండో గోల్ కొట్టిన ఇరాందుస్త్ పుట్టింది స్వీడన్‌లో, మూడోది కొట్టిన సబ్బాగ్ పుట్టింది కొలంబియాలో. సిరియాలో ఇన్నేళ్ళ యుద్ధం తర్వాత లీగ్ ఏ స్థితిలో ఉంటుందో చెప్పక్కర్లేదు, అయినా ప్రపంచమంతా చెదిరిపోయిన వాళ్ళ పిల్లల్ని వెతికి తెచ్చుకుంటున్నారు. మనకేమో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటేనే ఆడాలి, రెండు పౌరసత్వాలు కుదరవు. ఇజుమి అరాటా గుర్తున్నాడా, జపాన్ పౌరసత్వం వదులుకుని మరీ వచ్చి ఆడాడు. యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడే ఇరవై రెండేళ్ళ కుర్రాడు అలా వదులుకుంటాడా? ఓసీఐ వాళ్ళని, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతి వాళ్ళని ఆడనిస్తే ఒక్క ఏడాదిలో తేడా తెలుస్తుంది.

ఫతేమైదాన్_పెద్దాయన

ఫ్రిస్కో బాబూ, నువ్వు చెప్పింది బానే ఉంది కానీ నాకు మింగుడుపడట్లేదు. ఈ ఊరు బయట నుంచి తెచ్చుకున్న ఊరు కాదు, బయటకి పంపించిన ఊరు. రహీం సాబ్ ఇక్కడి వాడే, ఆయన కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి బంగారం. బలరాం అమ్ముగూడ కుర్రాడు, ఖాళీ జాగాల్లో ఆడి పైకొచ్చాడు. తర్వాత షబ్బీర్ అలీ. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం పేరు చెబితే కలకత్తా క్లబ్బులు జాగ్రత్త పడేవి. నిన్న అదే ఊళ్ళో కూర్చుని, మన టీంలో గోల్ కొట్టేవాడు స్వీడన్‌లో దొరుకుతాడా అని మాట్లాడుకుంటున్నాం.

గ్రౌండ్లు ఏవి తమ్ముడూ? మా చిన్నప్పుడు ఆడిన మైదానాల్లో ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళున్నాయి. ఉన్న ఒక్క పెద్ద క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ కిందటి సీజన్లో 22 మ్యాచ్‌ల్లో ఒకటే గెలిచి అట్టడుగున మిగిలింది.

ఫ్రిస్కో_ఫుట్‌బాల్

అంకుల్ గ్రౌండ్లు కట్టి పిల్లల్ని తయారు చేసేసరికి పదిహేనేళ్ళు. నేను అడుగుతున్నది ఈ పదిహేనేళ్ళు ఏం చేద్దామని. రెండూ చెయ్యొచ్చు కదా.

గ్యాలరీ_గోపి

బెజవాడ గారూ, మిడ్‌ఫీల్డ్ మాట నిజమే, మీరు చెప్పాక హైలైట్స్ మళ్ళీ చూశా, వాళ్ళ టెన్‌కి అంత ఖాళీ ఎలా వదిలేశారో. కానీ ఒకటి, ముందు బాల్ నిలబెట్టేవాడు ఉంటే మిడ్‌ఫీల్డ్ పైకి రావటానికి టైం దొరుకుతుంది, కొట్టిన ప్రతి బాలూ వెంటనే తిరిగొచ్చేస్తుంటే ఆ మిడ్‌ఫీల్డర్లు మాత్రం ఎంతసేపు పరిగెడతారు? అందుకే లెఫ్ట్‌బ్యాక్ తమ్ముడి వైపే ఉన్నా నేను. కోచ్ మారితే ఇది పోదు. ముందు కోచ్ స్టిమాక్ ఐదేళ్ళున్నాడు, ఆయనా చివరికి ఛెత్రి వైపే చూశాడు.

ఐఎస్ఎల్ మొదలయ్యాక ఎవరైనా లెక్క రాయండి, ఏ క్లబ్ ఇండియన్‌ని నైన్‌లో పూర్తి మ్యాచ్ ఆడిస్తుందో. నేను హైదరాబాద్, బెంగళూరు మ్యాచ్‌లు చూస్తా.

బెజవాడ_బెంచ్

బెంగళూరు ఎందుకండీ, అక్కడ నైన్‌లో ఆడేది నలభై ఏళ్ళ ఛెత్రీనే కదా 😄 లెక్కలో రాస్తారా రాయరా ముందు అది తేల్చండి.

లెఫ్ట్‌బ్యాక్_సికింద్రాబాద్

రాయి అన్నా. గోల్స్‌ల మళ్ళ గాయనే ఫస్ట్ ఉంటడు సూడు, గప్పుడు మాట్లాడుకుందాం.