అసమీకరణాల డేటా సఫిషియెన్సీ: ఎన్ని సంఖ్యలు వేసి చూస్తే "సరిపోతుంది" అనవచ్చు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. సివిల్స్ ప్రిలిమ్స్‌లోని సీశాట్ (ఆప్టిట్యూడ్ పేపరు) కోసం ఇంటి దగ్గరే సాధన చేస్తున్నాను. ఒడియా మాధ్యమంలో చదివినవాణ్ని కనుక పారిభాషిక పదాల్లో తేడా ఉంటే సర్దుకొని చదవగలరు. డేటా సఫిషియెన్సీ లెక్కల్లో, ఇచ్చిన ప్రవచనాలు (సమాచార వాక్యాలు) విడిగా గాని, కలిపి గాని ప్రశ్నకు ఒకే కచ్చితమైన జవాబు తేల్చడానికి సరిపోతాయా అన్నదే చెప్పాలి కదా. "క > గ అవుతుందా?" అని అడిగి, మొదటి ప్రవచనంగా క² > గ² అనీ, రెండోదిగా క + గ > 0 అనీ ఇచ్చారు. రెండింటికీ సరిపడే జతలు ఐదారు వేస్తే ప్రతిసారీ "అవును" అనే వస్తోంది. ఎన్ని జతలు వేశాక ధైర్యంగా జవాబు పెట్టవచ్చు? తప్పయితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది.

జవాబు (రాయగడ నుంచి):
తమ్ముడూ, ఎన్ని జతలు వేసినా ఆ మాట అనలేము. సంఖ్యలు ఒక ప్రవచనం చాలదని నిరూపించగలవే గాని, చాలునని నిరూపించలేవు. మొదటి ప్రవచనానికి (3, 2) వేస్తే "అవును", (−3, 2) వేస్తే "కాదు". ఇక దాన్ని ఒంటరిగా పరిశీలించనక్కరలేదు. రెండోదాన్ని (2, 1), (1, 2) తేల్చేస్తాయి. రెండూ కలిపేటప్పుడు మాత్రం బీజగణితమే శరణ్యం: మొదటిదాన్ని (క − గ)(క + గ) > 0 అని రాసుకుంటే, క + గ ధనమని రెండోది చెబుతోంది కనుక, లబ్ధం ధనం కావడానికి క − గ కూడా ధనం కాక తప్పదు. అడిగింది అదే.

జవాబు (బరంపురం నుంచి):
పై మాట నిజమే గాని, చాలదని చూపడానికైనా సంఖ్యల ఎంపిక తెలియాలి. నేను బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెబుతాను. పిల్లలు పూర్ణసంఖ్యల దగ్గరే ఆగిపోతారు. "క > 0 అవుతుందా?" అనే ప్రశ్నకు క² > క, క³ > క అని రెండు ప్రవచనాలు ఇచ్చారనుకోండి. −1/2 వర్గం 1/4, ఘనం −1/8. రెండూ −1/2 కన్నా పెద్దవే. 2 కూడా రెండింటినీ తృప్తిపరుస్తుంది. అంటే రెండూ కలిసినా చాలవు. అదే ప్రశ్నలో "క పూర్ణసంఖ్య" అన్న మాట ఉంటే, రెండో ప్రవచనం ఒక్కటే చాలుతుంది, ఎందుకంటే దానికి నిలిచే పూర్ణసంఖ్యలు 2, ఆపైవి మాత్రమే. అందుకే −1 కన్నా తక్కువ, −1కీ 0కీ మధ్య, 0కీ 1కీ మధ్య, 1 కన్నా ఎక్కువ అనే నాలుగు భాగాల నుంచీ ఒక్కొక్కటి తీసుకోవాలి; −1, 0, 1లనూ మరవకూడదు. జీమ్యాట్‌లో (ఎంబీఏ ప్రవేశ పరీక్షలో) ఈ రకం ప్రశ్నలుండే డేటా ఇన్‌సైట్స్ విభాగానికి 45 నిమిషాలు, 20 ప్రశ్నలు; ఒక్కోదానికి రెండుంబావు నిమిషాల్లో గుడ్డిగా జతలు వేస్తూ కూర్చోవడం కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జవాబు ఎప్పుడూ "కాదు" అనే తేలితే, అన్నయ్యా?

రాయగడ నుంచి:
అదీ సరిపోయినట్టే. "క > 5 అవుతుందా?" అన్నదానికి క² < 16 ఇస్తే, క −4కూ 4కూ మధ్యే ఉంటుంది, కచ్చితంగా "కాదు" కనుక ఆ ప్రవచనం చాలు. ఇంకొకటి: క/గ > 1 కనబడగానే గతో గుణించి క > గ అని రాయవద్దు. గ రుణమైతే అసమానత గుర్తు తిరగబడుతుంది. (−3, −2) వేసి చూడు.