జెనొసైడ్‌కి మారణహోమం అనొచ్చా? జాతిహననం అనాలా?

నమస్కారం అందరికీ. యుద్ధ నేరాల కోర్టుల మీద ఒక పెద్ద వ్యాసం తెలుగులోకి తెస్తున్నా. జెనొసైడ్ అన్నచోటల్లా మారణహోమం అని రాసుకుంటూ పోయాను, పేపర్లలోనూ టీవీలోనూ అదే వింటాం కాబట్టి. అంతా బానే సాగింది కానీ కంబోడియా దగ్గర ఆగిపోయా. అక్కడి ప్రజల్లో ఎక్కువ మంది ఖ్మేర్‌లు. ‘ఖ్మేర్ ప్రజలపై జరిగినది మారణహోమం కాదని, మానవత్వంపై నేరమని కోర్టు తేల్చింది’ అని వస్తోంది వాక్యం. చదువుతుంటే కోర్టు హంతకుల్ని వెనకేసుకొచ్చినట్టుంది. లక్షల మంది పోయినదాన్ని మారణహోమం కాదంటే ఎవరొప్పుకుంటారు? నరమేధం, ఊచకోత, జాతిహననం, జాతి నిర్మూలన, ఇన్ని మాటలున్నాయి మనకి, ఎక్కడ ఏది పెట్టాలో కాస్త చెప్పండి.

జవాబు

మీ అనువాదంలో తప్పేం లేదండీ, చిక్కంతా మారణహోమం అనే మాటతోనే. ఆ మాట వినగానే మనకి తోచేది లెక్క. చాలా మందిని, ఘోరంగా, ఒకేసారి చంపారు అని. జెనొసైడ్ అనే నేరంలో లెక్క తర్వాతి సంగతి, ముందు చూసేది ఉద్దేశం. ఫలానా వాళ్లు ఫలానా వాళ్లుగా ఈ భూమ్మీద మిగలకూడదు, నామరూపాల్లేకుండా పోవాలి అనే ఉద్దేశంతో చేశారా లేదా అన్నది తేలాలి. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న ఒడంబడికలో ఆ ఫలానా వాళ్లు ఎవరో కూడా రాసుంది, ఒక దేశానికి చెందిన సమూహం, ఒక తెగ, ఒక రేస్ (శరీర లక్షణాలని బట్టి విడదీసే సమూహం), ఒక మతం, ఈ నాలుగే. రాజకీయ వర్గాల్ని కూడా కలపాలని ముసాయిదాల్లో ఉండేది, సోవియట్ యూనియన్ లాంటి దేశాలు అడ్డుపడటంతో చివరికి తీసేశారు.

కంబోడియా చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో పోయిన వాళ్లలో ఎక్కువ మంది ఖ్మేర్‌లే, చంపించిన నాయకులూ ఖ్మేర్‌లే. వర్గ శత్రువులనీ, ద్రోహులనీ, చదువుకున్నవాళ్లనీ చంపారు. అంచేత 2018 నవంబరులో ఆ పాలన అగ్రనేతలిద్దరి మీద తీర్పు వచ్చినప్పుడు, నువోన్ చియా మీద జెనొసైడ్ రుజువైంది అక్కడి అల్పసంఖ్యాకులైన వియత్నామీయుల విషయంలోనూ, చామ్ ముస్లింల విషయంలోనూ. రెండో నేత ఖియూ సంఫాన్ మీద వియత్నామీయుల విషయంలో మాత్రమే. ఖ్మేర్‌ల చావులు మీరు రాసిన ‘మానవత్వంపై నేరం’ కిందకి వెళ్లాయి, అంటే పౌరుల మీద పద్ధతి ప్రకారం చేసిన దాడి. శిక్ష ఏమీ తగ్గలేదు, ఇద్దరికీ యావజ్జీవమే. అంటే కంబోడియాలో మారణహోమం ముమ్మాటికీ జరిగింది, ఖ్మేర్‌ల వరకు అది చట్టం చెప్పే జెనొసైడ్ కాలేదు, అంతే. రెండింటికీ ఒకే మాట వాడితే మీ వాక్యం అబద్ధం చెప్తుంది, అదీ పోయినవాళ్ల గురించి.

జాతిహననం వాడండి. మారణహోమం అనేది కోర్టు బయట మనం మాట్లాడుకునేటప్పుడు ఉంచుకోండి.

ఇంకొకరు

మాస్టారూ, ఒప్పుకోలేకపోతున్నా. జాతిహననం డిక్షనరీలో కూర్చోబెట్టిన మాట, జనం నోట్లో లేదు. పైగా హననం అన్నా చంపడమేగా, మారణం అన్నా చంపడమే, తేడా ఎక్కడుంది? జాతి అన్న ముక్క ఇంకా గజిబిజి. జాతిపిత అన్నప్పుడు జాతి అంటే దేశం, జాతి వివక్ష అన్నప్పుడు రంగు, గిరిజన జాతులు అన్నప్పుడు తెగలు. మతం అయితే ఎందులోనూ రాదు, మరి ఆ చామ్ ముస్లింలని ఎలా ఇముడుస్తారు ఇందులో?

జవాబు

మంచి ప్రశ్న వేశారు. హననం ముందు చూద్దాం. వ్యక్తిత్వ హననం అంటున్నాం కదా రోజూ, అక్కడ ప్రాణం పోతోందా? పోవట్లేదు, మనిషిని మనిషిగా నిలవనివ్వకుండా చెయ్యడం అది. హననానికి తెలుగులో ఆ విస్తృతి ఇప్పటికే ఉంది, మారణానికి లేదు. ఇక్కడ మనకి కావాల్సింది కూడా అదే, ఎందుకంటే ఆ ఒడంబడికలో చంపడం అనేది ఐదు పనుల్లో ఒకటి మాత్రమే. ఒంటికో మనసుకో తీవ్రమైన హాని చెయ్యడం, బతకలేని పరిస్థితుల్లోకి నెట్టడం, పిల్లలు పుట్టకుండా చెయ్యడం, ఉన్న పిల్లల్ని బలవంతంగా వేరే వాళ్లకి అప్పజెప్పడం, ఇవన్నీ అందులోవే. పిల్లల్ని లాక్కుపోయి ఇంకో భాషలో ఇంకో పేరుతో పెంచితే ఒక్క నెత్తుటి చుక్క పడకుండా ఒక తెగ అయిపోతుంది, దాన్ని మారణహోమం అని ఎలా అంటాం?

భారతంలో అశ్వత్థామని గుర్తుచేసుకోండి. నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపడం ఊచకోత. ఆ తర్వాత లోకం అపాండవం కావాలని అస్త్రం వేసి దాన్ని కడుపులో ఉన్న బిడ్డల మీదకి మళ్లించాడే, అది వేరే నేరం. అపాండవం అనే ఆ ఒక్క మాటలో ఉద్దేశం మొత్తం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు లాయర్లు పేజీలకి పేజీలు వాదించింది దీని గురించే.

ఇక జాతి గజిబిజి అన్నారు, నిజమే, కానీ ఆ గజిబిజి తెలుగుది మాత్రమే కాదు. రఫాయెల్ లెమ్కిన్ అనే పోలిష్ యూదు లాయరు 1944లో జెనొసైడ్ అనే మాట పుట్టించినప్పుడు గ్రీకులో జాతి, వంశం అనే అర్థాలున్న గెనోస్‌కి చంపడం అనే లాటిన్ ముక్క అతికించాడు. అంతకు పదకొండేళ్ల ముందే, 1933లో, ఇలాంటి నేరానికి బార్బరిటీ అనే పేరు పెట్టి చట్టం చెయ్యమని అడిగితే పట్టించుకున్నవాళ్లు లేరు. 1945లో నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు ఛార్జిషీటులోకి అతని కొత్త మాట ఎక్కింది, 1946 అక్టోబరు 1న ముగిసిన తీర్పులో మాత్రం కనపడలేదు. నాజీల చేతుల్లో తన వాళ్లలో చాలా మందిని పోగొట్టుకున్న మనిషి, ఆ తీర్పు తర్వాత కూడా ఊరుకోకుండా ప్రతినిధుల చుట్టూ తిరిగి 1948 ఒడంబడిక తెప్పించాడు. ఒక మాట కోసం మనిషి అంత తిరిగాడంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

గెనోస్‌లోనూ మతం లేదు కదండీ. మాటలో లేనిది నిర్వచనం పూరిస్తుంది. అసలు జాతి అంటే ఏంటో కోర్టులే తలపట్టుకున్నాయి. 1994లో రువాండాలో హుటూ తీవ్రవాదులు టుట్సీలని లక్షల్లో చంపారు, ఆ నేరాల కోసం టాంజానియాలోని అరూషాలో పెట్టిన కోర్టు 1998 సెప్టెంబరు 2న టాబా అనే చోట మేయరుగా చేసిన ఝాఁ పాల్ అకయేసుని దోషి అంది, ఈ ఒడంబడికలోని నిర్వచనం ప్రకారం అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి ఒకర్ని జెనొసైడ్ దోషిగా తేల్చిన మొదటి తీర్పు అదే. హుటూలు, టుట్సీలు ఇద్దరిదీ ఒకే భాష, ఒకే సంస్కృతి, మరి టుట్సీలు వేరే సమూహం ఎలా అయ్యారు? ప్రతివాడి గుర్తింపు కార్డు మీదా హుటూ అనో టుట్సీ అనో అచ్చేసి ఉండేది, రోడ్ల మీద అడ్డం పెట్టి ఆ కార్డు చూసే చంపేవాళ్లు. జనం కూడా తమని తాము అలాగే చెప్పుకునేవాళ్లు, సాక్షులంతా కోర్టులో అలాగే చెప్పారు, వాటినే కోర్టు ఆధారం చేసుకుంది.

మన గ్రూపు వాళ్లకి నచ్చే సంగతి ఇంకోటుంది ఆ తీర్పులో. రువాండా భాష కిన్యార్వాండా మాటల అర్థాల కోసమే కొన్ని పేరాలు కేటాయించారు, భాషావేత్తని పిలిపించి సాక్ష్యం తీసుకున్నారు. ఇన్యెంజి అంటే బొద్దింక, టుట్సీల్ని తిట్టడానికి వాడేవాళ్లు. ఆ మాట ఎవరు, ఎప్పుడు, ఎవర్ని చూసి అన్నారు అన్నదాన్నిబట్టి ఉద్దేశాన్ని పట్టుకున్నారు. బలాత్కారం అనే విషయాన్ని ఆ భాషలో ఎన్ని రకాల మాటలతో చెప్తారో అవి కూడా ఒక్కోటీ విప్పి చూశారు, ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాలు జాతిహననంలో భాగం కాగలవని మొదటిసారి చెప్పింది కూడా ఈ తీర్పే.

మూడో కామెంట్

నాకు మారణహోమంతోనూ నరమేధంతోనూ ఉన్న ఇబ్బంది వేరే అండీ. రెండూ యజ్ఞం మాటలే. చంపినవాణ్ణి యజ్ఞం చేసే యజమానిని చేసి, చచ్చినవాణ్ణి ఆహుతి చేస్తున్నాం. అన్నిటికంటే జాతి ప్రక్షాళన అని రాస్తే ఒళ్లు మండుతుంది. ప్రక్షాళన అంటే కడిగి శుభ్రం చెయ్యడం, అంటే ఆ జనం మురికా?

జవాబు

నూటికి నూరుపాళ్లు నిజమమ్మా. బోస్నియా యుద్ధంలో ఊళ్లు ఖాళీ చేయించినవాళ్లు వాడుకున్న మాటే ప్రపంచమంతా పాకింది, మనం దాన్ని పట్టుకొచ్చి సంస్కృతంలో ముస్తాబు చేశాం. చట్టంలో అది విడిగా ఒక నేరం కూడా కాదు, బలవంతపు తరలింపు అని రాస్తే అర్థమూ అవుతుంది, మురికీ అంటదు. అదే బోస్నియాలో ఎన్నో చోట్ల ఊచకోతలు జరిగినా అంతర్జాతీయ కోర్టులు జాతిహననం అన్నది 1995 జూలైలో స్రెబ్రెనిత్సా అనే ఊళ్లో ముస్లిం మగవాళ్లనీ కుర్రాళ్లనీ వేలల్లో చంపిన విషయంలోనే. మిగతా చోట్ల జరిగినవి చిన్నవని కాదు, ఆ ఉద్దేశం రుజువు కాలేదని.

మళ్లీ అడిగిన వ్యక్తి

బోలెడు ధన్యవాదాలు అందరికీ. వాక్యం ఇలా మార్చా: ‘కంబోడియా మారణహోమంలో వియత్నామీయులపైన, చామ్ ముస్లింలపైన జరిగినది జాతిహననమని, ఖ్మేర్ ప్రజలపై జరిగినది మానవత్వంపై నేరమని కోర్టు తేల్చింది.’ మానవత్వం ఉంచనా, మానవాళి చెయ్యనా? ఇంకోటి, నెదర్లాండ్స్‌లోని హేగ్ కోర్టుని అంతర్జాతీయ న్యాయస్థానం అంటే సరిపోతుందా?

జవాబు

వాక్యం బావుంది. మానవాళి అనండి. 1915 మే 24న ఒట్టోమాన్ టర్కీలో ఆర్మీనియన్ల హత్యల విషయంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా కలిసి ఇచ్చిన ప్రకటనలో మానవాళి మీదా నాగరికత మీదా నేరాలు అన్నారు, ఆ మాటకి ఇంగ్లీషులో రెండర్థాలూ ఉన్నాయి నిజమే. కానీ తెలుగులో మానవత్వం అనగానే దయ, జాలి గుర్తొస్తాయి, దయలేకపోవడం నేరం అన్నట్టు పల్చబడిపోతుంది. ఎక్కడో ఒక ఊళ్లో పౌరుల మీద పద్ధతి ప్రకారం చేసిన దాడి మనుషులందరి మీదా చేసినట్టే అన్న బరువు మానవాళిలో ఉంది.

కోర్టు పేరు మాత్రం జాగ్రత్త, హేగ్‌లో ఉన్నది ఒకటి కాదు. అంతర్జాతీయ న్యాయస్థానం అంటే దేశం మీద దేశం వేసే వ్యాజ్యాలు, అక్కడ ఎవర్నీ జైల్లో పెట్టరు. అంతర్జాతీయ నేర న్యాయస్థానం, అదే ఐసీసీ, 1998 జూలై 17న రోమ్‌లో 120 దేశాలు ఔనంటే, 7 కాదంటే పుట్టి, 2002 జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది, అది మనుషుల్ని విచారిస్తుంది. రోహింగ్యాల విషయమే తీసుకోండి, 2019 నవంబరులో మయన్మార్ మీద గాంబియా కేసు వేసింది మొదటి దాంట్లో, అదే నెలలో దర్యాప్తుకి అనుమతి ఇచ్చింది రెండోది. మీ వ్యాసంలో న్యాయస్థానం అన్న ప్రతిచోటా బోనులో ఉన్నది దేశమా, మనిషా చూసుకుని పేరు పెట్టండి.