అప్‌డేట్: ప్లాస్టిక్ ఎరల తోకలు వంకరపోయే సమస్య తీరింది

అచ్చులోంచి తీసి నీళ్లలో వేసిన, చేపలు పట్టే మెత్తటి ప్లాస్టిక్ ఎరల తోకలు చల్లారాక వంకరపోతున్నాయని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అన్నలందరికీ చాలా థాంక్స్. పనిచేసింది ఐస్ నీళ్ల సలహానే. విజయవాడ మే ఎండకి ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి, వాటిలో ఎర గట్టిపడేలోపే వంగిపోయేది. ఇప్పుడు అచ్చులోనే బాగా బిగిసేదాకా ఉంచి, వెడల్పాటి ట్రేలో ఐస్ నీళ్లు పోసి, ఒకదానికొకటి తగలకుండా తిన్నగా పరుస్తున్నాను. కొర్రమీను కోసం చేసే సన్న తోకలు కూడా చక్కగా నిలుస్తున్నాయి. వంగినవి పారేయక్కర్లేదు. వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, వెంటనే ఐస్ నీళ్లలో పెడితే సరిపోతుంది. ప్లాస్టిసాల్ (వేడిచేసి అచ్చులో పోసే ద్రవ ప్లాస్టిక్) మార్చినా, రంగు తగ్గించినా తేడా ఏమీ రాలేదు. అచ్చు మాత్రం పూర్తిగా ఆరాకే మళ్లీ పోయండి, దయచేసి. తడి ఉంటే వేడి ప్లాస్టిసాల్ చిమ్మి ఒళ్లు కాలుతుంది.