అప్‌డేట్: ప్లేయర్‌లో ట్రెబుల్ సమస్య దాదాపు తీరింది

నా చిన్న ఎంపీ3 ప్లేయర్‌లో వయొలిన్, తాళాలు దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తున్నాయని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే ట్రెబుల్ (పై స్థాయి సన్నని శబ్దాలు) అతిగా పెంచడం మానేసి, 5 బ్యాండ్ల ఈక్వలైజర్‌లో (కింది నుంచి పై దాకా ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) కింది వైపున్న 230 హెర్ట్జ్‌ని 4 డెసిబెల్స్ తగ్గించాను. అన్నిటికంటే పైనున్న 14 కిలోహెర్ట్జ్‌ని 2 డెసిబెల్స్ మాత్రమే పెంచాను. ఇంతకుముందు పై రెండు బ్యాండ్లూ చివరిదాకా లాగితే, గాయని 'స' అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుండేది. ఇప్పుడు మృదంగం మీద వేలి దెబ్బ కూడా విడిగా తెలుస్తోంది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఎడమ ఇయర్‌ఫోన్ జాలీలో గులిమి పేరుకుపోయింది. పొడి బ్రష్‌తో తీసేస్తే సగం తేడా అక్కడే వచ్చింది!

ఫైల్ సైజు తగ్గించడానికి బాగా కుదించిన పాత 128 కేబీపీఎస్ పాటలు మాత్రం మారలేదు. వాటిలో 16 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఉండదు, ఇక పెంచేదేముంది? సీడీల నుంచి మళ్లీ రిప్ చేసుకుంటున్నా (పాటల్ని ఫైళ్లుగా తీసుకుంటున్నా).