మోడల్ టి కార్బ్యురేటర్ త్రోటిల్‌కు ఎగ్జాస్ట్ వేడి పెట్టవచ్చా?

ప్రశ్న
మిషిగన్‌లో ఉంటూ 1924 నాటి ఫోర్డ్ మోడల్ టి కారును సొంతంగా బాగుచేసుకుంటున్నాను. దీనికి హోలీ ఎన్‌హెచ్ రకం కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉంది. చలి, తేమ కలిసిన ఉదయాల్లో పది నిమిషాలు నడిచాక ఇంజిన్ శక్తి తగ్గి ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగ బయటకు వెళ్ళే దారి) నుంచి సన్నని రాగి గొట్టం తీసి త్రోటిల్ (కార్బ్యురేటర్‌లో ఇంజిన్‌కు వెళ్ళే గాలిని అదుపు చేసే రెక్క) చుట్టూ చుట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

మొదటి జవాబు
మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది త్రోటిల్ రెక్క దగ్గర మంచు పేరుకోవడమే. పెట్రోలు ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలి నుంచే లాక్కుంటుంది కనుక, పూర్తిగా ఆవిరైతే గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పడిపోగలదు. అందుకే బయట 7, 8 డిగ్రీలున్నా లోపల గాలిలోని తేమ గడ్డకడుతుంది. ఇంజిన్ ఆగాక దాని వేడికే ఆ మంచు కరుగుతుంది కాబట్టి, విప్పి చూసేసరికి దోషం కనిపించదు. అమెరికాలో ఇప్పుడు సాధారణంగా దొరికే పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఆవిరి కావడానికి దానికి పెట్రోలు కంటే రెట్టింపుకు మించిన వేడి కావాలి కనుక గాలి ఇంకా చల్లబడుతుంది.

రెండవ జవాబు
ఆ రాగి గొట్టం మాత్రం వద్దు. ఇంజిన్ అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది. పెట్రోలు పక్కనే ఎగ్జాస్ట్ వాయువు బయటకు చిమ్మడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. చివరి మోడల్ టి కార్లకు ఫోర్డ్ సంస్థే ఎగ్జాస్ట్ వేడితో పెట్రోలును ఆవిరి చేసే హోలీ వేపరైజర్ అనే కార్బ్యురేటర్ బిగించింది. అప్పటి పెట్రోలులో సులువుగా ఆవిరికాని బరువు భాగం ఎక్కువ కనుక అందులో అర్థం ఉంది. అయితే 27 డిగ్రీల గాలిని 77 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాంద్రత సుమారు ఏడో వంతు తగ్గి ఇంజిన్‌కు అందే గాలి, దాంతో శక్తి తగ్గుతాయి, అసలే 20 గుర్రాల శక్తి ఉన్న ఇంజిన్‌కు అది చిన్న నష్టం కాదు. చాలామంది ఆ వేపరైజర్‌ను తీసేసి మీ దగ్గరున్న ఎన్‌హెచ్‌నే పెట్టుకోవడం ఊరికే జరగలేదు.

ప్రశ్న అడిగినవారు
అయితే రేడియేటర్ వేడి నీటిని త్రోటిల్ చుట్టూ తిప్పితే?

మొదటి జవాబు ఇచ్చినవారు
మోడల్ టిలో నీరు వేడెక్కాకే దానంతట అది తిరుగుతుంది, చాలావాటికి పంపు లేదు. మీకు వేడి కావలసిన మొదటి నిమిషాల్లో అది అందదు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగను పోగుచేసే ఇనుప గొట్టం) అయితే వెంటనే వేడెక్కుతుంది. దాని పక్క నుంచి గాలిని కార్బ్యురేటర్ నోటికి తెచ్చే రేకు గొట్టం మీ కారుకు ఉందా?

ప్రశ్న అడిగినవారు
లేదు. నాకు ముందు ఎవరో తీసేసినట్టున్నారు.

రెండవ జవాబు ఇచ్చినవారు
మరి జబ్బు అదే! ఆ గొట్టం తెచ్చి బిగించండి. అందులో వెళ్ళేది వేడెక్కిన గాలి మాత్రమే, ఎగ్జాస్ట్ వాయువు కాదు. ఎండాకాలంలో దాన్ని తీసి పక్కన పెట్టుకోవచ్చు.