వేటగాడిగా ఆ సంతకం పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మంచెమీద (పెన్సిల్వేనియా)

పదకొండేళ్లుగా పెన్సిల్వేనియాలో జింకల వేటకు వెళ్తున్నాను. ఇక్కడి వేట గురించి, తుపాకి చట్టాల గురించి తెలిసిన తెలుగువాళ్ల సలహా కావాలి. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మా అమ్మాయి బడిలో కొందరు తల్లిదండ్రులు రాష్ట్ర శాసనసభకు ఒక ఉత్తరం పంపబోతున్నారు. మా రాష్ట్రంలో పిస్తోలు అయితే, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా సరే, డీలరు దగ్గరకో షెరీఫ్ కార్యాలయానికో వెళ్లి కొనేవాడి నేరచరిత్ర తనిఖీ చేయించాలి. మామూలు రైఫిళ్లు, షాట్‌గన్‌లు దుకాణంలో కాకుండా ఇలా మనుషుల మధ్య చేతులు మారితే ఆ నియమం లేదు. ఇద్దరు మనుషులు ఒక గరాజులో నిలబడి డబ్బు, తుపాకి మార్చుకుంటే పని అయిపోయినట్టే. ఆ తేడా తీసేయమని ఉత్తరం. తల్లిదండ్రుల పేర్ల మధ్య ‘వేటగాడు’ అని ఒక్క సంతకం ఉంటే శాసనసభ్యులు పక్కన పడేయరని నన్ను అడిగారు.

ఉత్తరంలో ఉన్నదానితో నాకు పేచీ లేదు. నా దిగులంతా మా వేట క్యాంపు గురించే.

మేం ఆరుగురం. కొండ మీద రెండు గదుల చెక్క ఇల్లు, ఒక కట్టెల పొయ్యి. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం రైఫిల్ వేట మొదలవుతుంది, ముందు రోజు సాయంత్రానికే అందరం అక్కడికి చేరతాం. ఆ ఇంటికి పెద్ద దిక్కు 72 ఏళ్ల పెద్దాయన. నాకు వేట నేర్పింది ఆయనే. మొదటి రోజు నా చూపుడు వేలు పట్టుకుని ట్రిగ్గర్ మీది నుంచి తీసి, తుపాకి కర్ర పక్కన చాపి పెట్టి, “కాల్చాలని తేల్చుకునేదాకా ఇది ఇక్కడే” అన్నారు. నేను మొదటి జింకను కొట్టినప్పుడు అది అరమైలు పరిగెత్తింది. మూడు గంటలు ఎండుటాకుల మీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ ఆయన నా వెంట మోకాళ్ల మీద పాకారు. అది దొరికాక, నేను చెవికి నా వేట చీటీ (ట్యాగు) కట్టేదాకా దాన్ని అంగుళం కూడా కదపనివ్వలేదు.

కిందటి వారం కట్టెలు కొట్టడానికి వెళ్లినప్పుడు ఈ ఉత్తరం సంగతి ఆయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. గొడ్డలి మొద్దులో దిగేసి, “ఇవాళ కాగితం అడుగుతారు, రేపు తుపాకి అడుగుతారు. ఆ కాగితం మీద నీ పేరు ఉంటుంది” అన్నారు. దారి పొడుగునా మళ్లీ మాట్లాడలేదు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నాకు అర్థం కానిది ఒకటుంది. వేటలో మేం ఒప్పుకోని హద్దు ఏముంది? బాతుల వేటకు వెళ్తే నా షాట్‌గన్‌లో తూటాలు నింపే గొట్టంలో (మ్యాగజైన్) కొయ్యపుల్ల ఉంటుంది, మొత్తం మూడు తూటాలకు మించి పట్టకుండా. అది ఫెడరల్ నియమం. సూర్యోదయానికి అరగంట ముందు దాకా తూటా పెట్టకూడదు. తల, వీపు, ఛాతీ కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు కనబడాలి. తూటా నింపిన తుపాకిని బండిలో పెట్టకూడదు. 2017లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల (ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతట అదే ఎక్కే రకం) మాట వచ్చినప్పుడు మా వేట కమిషన్ చిన్న జంతువులకు, నక్కల్లాంటి వాటికి ఒప్పుకుని జింకలకు వద్దంది. వద్దని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో వేటగాళ్లే ఎక్కువ. మా పెద్దాయన కూడా వద్దన్నారు! అడవిలో ఇన్ని హద్దులకు గర్వంగా తల ఊపేవాళ్లం, అడవి దాటాక ఒక్క తనిఖీ మాట ఎత్తగానే ఎందుకు ద్రోహం అంటున్నాం?

ఇంకో మాట. నా మొదటి రైఫిల్, .308 బోల్టు రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి తోయాల్సిన రకం), హెచ్-1బి వీసా మీద ఉన్నప్పుడు కొన్నాను. ఆ వీసా మీద ఉన్నవాడు తుపాకి ముట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చేతిలో చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. దుకాణంలో తుపాకి కొనేవాళ్లు నింపే 4473 ఫారం నింపి, లైసెన్సు చూపించి, తనిఖీ అయ్యేదాకా కౌంటరు దగ్గర నిలబడ్డాను. అవమానంగా అనిపించలేదు. ఈ దేశం నన్ను నమ్మి ఒక వస్తువు చేతికి ఇచ్చిందని అనిపించింది.

సంతకం పెట్టాలా?

జవాబు: పందుల బెడద (టెక్సాస్)

నేను పెట్టమంటాను. కానీ ఏఆర్ రైఫిళ్ల మీద, అంటే మీరన్న ఆ సెమీ ఆటోమేటిక్ రకం మీద, మీకు లోపల ఎక్కడో చిన్నచూపు ఉన్నట్టు వాసన తగిలింది, దానికి జవాబు చెప్పకుండా ఉండలేను.

మాకు గడ్డి పొలం ఉంది. ఒక రాత్రి పాతిక అడవి పందులు దిగితే తెల్లారేసరికి పొలం నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది. ట్రాక్టరు చక్రం దిగబడే గోతులు. ఏడాదికి రెండు ఈతలు ఈనగల జంతువు అది. సొంత భూమిలోనైనా, యజమాని ఒప్పుకుంటే ఇంకొకరి భూమిలోనైనా, వాటిని కొట్టడానికి 2019 నుంచి మా రాష్ట్రం లైసెన్సు కూడా అడగడం లేదు. బెడద అంతగా ఉంది. మొదటి తూటా పేలగానే గుంపు చెదురుతుంది. బోల్టు లాగి తోసేలోపు మిగతావి పొదల్లో ఉంటాయి. నాకు సెమీ ఆటోమేటిక్ పనిముట్టు, సరదా కాదు. నేను అయిదడుగులదాన్ని. కర్ర నా భుజానికి సరిపోయేలా పొట్టిగా జరుపుకోగలను, దెబ్బ మెత్తగా ఉంటుంది, అందుకే గురి తప్పదు. గురి తప్పకపోతే జంతువు గాయంతో గిలగిల కొట్టుకోదు. మీ పెద్దాయన అడిగేది కూడా అదే కదండీ.

తనిఖీకి నాకు అభ్యంతరం లేదు. రైఫిల్ ఆకారం మీదకు చట్టం తెస్తే మాత్రం మీ ఎదుటి బల్ల మీద కూర్చుంటాను.

జవాబు: రెండో సవరణ (ఒహాయో)

వద్దు. కారణం చెప్తాను.

ఆయుధాలు ఉంచుకునే హక్కును చెప్పే 1791 నాటి అమెరికా రాజ్యాంగ రెండో సవరణలో వేట అనే మాటే లేదు. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కుకు మూలం ఆత్మరక్షణ అని చెప్పింది. మీరు ‘వేటగాడు’ అని సంతకం పెట్టడం ద్వారా తెలియకుండానే ఒక మాట ఒప్పుకుంటున్నారు: తుపాకి వేట కోసమే, కాబట్టి వేటకు అక్కర్లేనిది ఎవరికీ అక్కర్లేదు అని. బాతులకు మూడు తూటాల నియమం బాతులు మిగలడం కోసం పెట్టింది. అర్ధరాత్రి తలుపు పగలగొట్టి వచ్చేవాడికి మూడు తూటాల లెక్క ఏమిటి? రెండు వేర్వేరు సంగతులను మీరు ఒకే తక్కెడలో పెట్టారు. పెట్టదలచుకుంటే పౌరుడిగా పెట్టండి. మా అందరి తరఫున పెట్టకండి.

ఇంకో ప్రశ్న: కొత్తగా వచ్చాను

నేను ఇప్పుడు హెచ్-1బి మీద ఉన్నాను. సహోద్యోగి తన తుపాకితో షూటింగ్ రేంజ్‌కు రమ్మంటున్నాడు. కొనను, ఊరికే పేల్చి చూస్తాను. దానికీ లైసెన్సు ఉండాలా?

జవాబు: పాత బోటు (మిన్నెసోటా)

ముందు పైన అడిగిన తమ్ముడికి: ఉండాలి. చట్టం కొనడం ఒక్కటే అనలేదు, దగ్గర ఉంచుకోవడం అంది. రేంజ్‌లో చేతికి తీసుకున్నా అందులోకే వస్తుంది. ముందు వేట శిక్షణ పూర్తి చేసి లైసెన్సు తీసుకోండి, దాని గడువు తీరకుండా చూసుకోండి, వకీలును కూడా ఒకసారి అడగండి. ఇందులో తప్పు చేస్తే పోయేది వీసా ఒక్కటే కాదు.

ఇక మంచెమీద గారికి. మీ పెద్దాయన మౌనం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 2007 ఫిబ్రవరిలో జిమ్ జంబో అనే పేరున్న వేట రచయిత, ఏఆర్ రైఫిళ్లకు వేటలో చోటు లేదని, అవి ఉగ్రవాదుల రైఫిళ్లని తన బ్లాగులో రాశారు. జీవితమంతా వేట గురించే రాసిన మనిషి. రోజుల్లోనే పత్రికలో చోటు, టీవీ కార్యక్రమం, తుపాకుల కంపెనీతో ఒప్పందం అన్నీ పోయాయి. క్షమాపణ చెప్పినా నిలవలేదు. ఆయన వాడిన మాట తప్పు, లక్షలమంది మామూలు మనుషులను ఆ మాట అనకూడదు. కానీ ఆ వారం చాలామంది వేటగాళ్లు ఒక పాఠం నేర్చుకుని నోరు కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

అయితే రెండో సవరణ గారి మాటలో సగం నిజం ఉంది, కొట్టిపారేయకండి. వేటకు వెళ్లని తుపాకి యజమానులకు మనం రుణపడి ఉన్నాం. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం పొడుగు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ల మీద 10 శాతం పన్ను పడుతుంది. రాష్ట్రం విస్తీర్ణాన్ని, లైసెన్సున్న వేటగాళ్ల సంఖ్యను బట్టి ఆ డబ్బు వన్యప్రాణుల పనికి వస్తుంది. మనం నడిచే చిత్తడి నేల, మనం కొట్టే జింక, దాన్ని లెక్కపెట్టే జీవశాస్త్రవేత్త జీతం, వీటన్నిటిలో రేంజ్‌లో రేకు డబ్బాలు కొట్టుకునేవాడి డబ్బు ఉంది. వాళ్లను పరాయివాళ్లుగా చూడకండి. వాళ్లు లేకపోతే మన అడవి చిక్కిపోతుంది.

మిగతా సగం ఇది: హెల్లర్ తీర్పులోనే ఆ హక్కుకు హద్దులు ఉంటాయని, నేరస్థుల చేతికి తుపాకి వెళ్లకుండా చూసే చట్టాలను ఆ తీర్పు ప్రశ్నించడం లేదని కూడా రాశారు. రెండూ కలిపి చదవాలి.

నేనైతే సంతకం పెట్టేముందు ఆ ఉత్తరం పెద్దాయన చేతికి ఇచ్చి చదవమంటాను. ఆయన ఇంకా చదవలేదు కదా. మీరు నోటితో చెప్పింది విన్నారు, అంతే.

మంచెమీద (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. పందుల బెడద గారూ, మీరు పట్టింది నిజమే, నాకు ఆ చిన్నచూపు ఉంది. ఏఆర్‌తో పొలం కాపాడుకునే మనిషిని నేను ఎన్నడూ కలవలేదు, అందుకే కావచ్చు. రెండో సవరణ గారూ, మీ మాట రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు.

పాత బోటు గారు చెప్పినట్టు ఆదివారం ఉత్తరం తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర, వేలు పెట్టి వరస వరసగా చదివారు. రెండుసార్లు. తర్వాత ఒకటే అడిగారు: “నేను పోయాక నా రైఫిల్ మనవడికి వెళ్లాలి. నా చేత్తో నేను వాడికి ఇవ్వాలంటే కూడా డీలరు దగ్గరకు పోవాలా?”

నాకు జవాబు తెలియలేదు. ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. పిస్తోళ్లకు ఇప్పుడున్న చట్టంలో భార్యాభర్తల మధ్య, తల్లిదండ్రులు పిల్లల మధ్య, తాత మనవళ్ల మధ్య మినహాయింపు ఉందని ఇంటికి వచ్చి చూసుకున్నాను. అదే మినహాయింపు రైఫిళ్లకూ ఉండాలని ఒక వాక్యం చేర్చమని బడి తల్లిదండ్రులను అడిగాను. ఒకావిడ ఒప్పుకోలేదు, గంటన్నర వాదించుకున్నాం, చివరికి చేర్చారు. ఆమె వాదనలో బలం లేదని అనను. ఇంట్లోవాళ్ల చేతుల్లోంచి జరిగే ఘోరాలు ఆమె చెప్తుంటే నా దగ్గర మాట లేదు. అయినా ఆ వాక్యం లేకపోతే నేను సంతకం పెట్టేవాడిని కాదు.

పెట్టాను. ‘వేటగాడు’ అని రాయలేదు. పేరు కింద ‘ఈ జిల్లా ఓటరు, పన్నెండేళ్ల అమ్మాయి తండ్రి, వేట లైసెన్సు ఉన్నవాడు’ అని రాశాను. నా ఒక్కడి తరఫున.

పెద్దాయనకు ఫోను చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. “నేను పెట్టను” అన్నారు. సరే అన్నాను. “అమ్మాయి శిక్షణ పాసయిందా?” అని అడిగారు. పాసయిందని చెప్పాను. అయితే వాగు పక్కనున్న మంచె ఖాళీగా ఉంచుతానని, అక్కడ గాలి ఎదురుగా ఉంటుంది కాబట్టి పిల్లకు జింక దగ్గరగా వస్తుందని, నిచ్చెన మూడో మెట్టు కుళ్లిందని, ముందే వచ్చి మార్చమని చెప్పారు.

ఈ శనివారం చెక్క పలక, మేకులు పట్టుకుని వెళ్తున్నాను. అమ్మాయికి నారింజ కోటు ఇంకా కొనలేదు. నాది తొడిగి చూస్తే మోకాళ్ల దాకా వచ్చింది.